రంభ ఒడ్డున పెద్ద చక్రాల బండి

హౌరా నుంచి చెన్నై వైపు వెళ్ళే రైళ్ళలో మన పాఠకులు ఎన్నోసార్లు ప్రయాణం చేసి ఉంటారు. ఖుర్దా రోడ్డు దాటి బాలుగావ్ సమీపిస్తుండగా ఎడమవైపు కిటికీలో నీళ్ళు కనిపించడం మొదలవుతుంది. సముద్రం అందామంటే అలలు లేవు. చెరువు అందామంటే అవతలి గట్టు కనిపించదు. కుడివైపు కొండలు, ఎడమవైపు చిలికా, మధ్య సన్నగా రైలు దారి. పిల్లలు కిటికీ కోసం కొట్టుకుంటుండగానే "రంభ" అన్న పసుపుపచ్చ బోర్డు ఒకటి గిర్రున వెనక్కి వెళ్ళిపోతుంది. చాలా ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగవు. ఆగని రైలులో కూర్చుని "ఎప్పుడైనా ఇక్కడ దిగాలి" అనుకోని వారుండరు. దిగినవారు మాత్రం తక్కువ.

మా అన్నయ్య దిగిపోయాడు. ఓడలలో ఇంజనీరుగా ముప్ఫయ్యేళ్ళు పనిచేసి, రిటైరయ్యాక బరంపురంలో ఉన్న ఇల్లు అమ్మి రంభలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. "అన్నేళ్ళు నీళ్ళ మీద తిరిగినవాడికి కిటికీలో నీళ్ళు కనిపించకపోతే నిద్ర పట్టదురా" అన్నాడు. ఈసారి సంక్రాంతికి ఖరగ్‌పూర్ నుంచి నేను, బెంగుళూరు నుంచి అన్నయ్య కొడుకు అక్కడ కలుసుకున్నాము. పండుగ ఒక్కటే కారణం కాదు. అటక మీద ఉన్న ఒక అట్టపెట్టె గురించి తేల్చవలసి ఉంది.

నేను బరంపురంలో రైలు దిగి కారులో వెళ్ళాను. మన మాజీ రాష్ట్రపతి వి.వి. గిరిగారు 1894లో పుట్టిన ఊరు అది. అక్కడి నుంచి ఛత్రపురం, ఆ తర్వాత రుషికుల్య నది మీద వంతెన. ఆ నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలకొద్దీ వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. వంతెన దాటితే హుమ్మా ఉప్పు మళ్ళు, ఎండలో తెల్లగా కుప్పలు. ఆ వెనుకనే రంభ. బోర్డులన్నీ ఒడియాలో ఉన్నా బజారులో బేరం మాత్రం రెండు భాషలలోనూ సాగుతుంది. గంజాం తీరం వెంట సముద్రంలో వేటకు వెళ్ళే నోలియాలలో చాలామంది ఇళ్ళలో తెలుగే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోదే. మా తాతగారి తరం వారు ఇల్లు కదలకుండానే ఒక రాష్ట్రం నుంచి ఇంకొక రాష్ట్రానికి వెళ్ళిపోయారు.

ఇక ఆ అట్టపెట్టె సంగతి.

1988లో అన్నయ్య ఓడ యొకొహామా రేవులో ఆగినప్పుడు ఒక బొమ్మల దుకాణంలో దానిని కొన్నాడు. అది తమియా కంపెనీ వారి "క్లాడ్ బస్టర్" అనే రిమోటు బండి. ఆ కంపెనీ షిజువొకా పట్టణంలో 1946లో కలప వ్యాపారంతో మొదలై, ప్లాస్టిక్ నమూనాలలోకి వచ్చి, 1976లో మొదటి రేడియో కారు తయారు చేసింది. క్లాడ్ బస్టర్ 1987లో వచ్చింది. పేరుకు అర్థం చెప్పాలంటే మట్టిపెళ్ళలు చితగ్గొట్టేది అనవచ్చు. అమెరికాలో సెయింట్ లూయిస్ ప్రాంతానికి చెందిన బాబ్ చాండ్లర్ అనే ఆయన తన 1974 నాటి ఫోర్డు ట్రక్కుకు రాకాసి చక్రాలు తగిలించి "బిగ్‌ఫుట్" అని పేరు పెట్టి, 1981లో పాత కార్ల మీద నుంచి నడిపించాడు. అప్పటి నుంచి ఆ దేశంలో మాన్‌స్టర్ ట్రక్కుల పిచ్చి మొదలయింది. ఆ పిచ్చి జపాను బొమ్మల దుకాణం దాకా వచ్చింది, అక్కడి నుంచి మా ఇంటికి వచ్చింది.

ఆ బండికి రెండు మోటార్లు. ముందు ఇరుసుకు ఒకటి, వెనుక ఇరుసుకు ఒకటి. నాలుగు చక్రాలూ తిరుగుతాయి, నాలుగూ మలుపు తీసుకుంటాయి. విడిభాగాలుగా వస్తే మనమే బిగించుకోవాలి. అన్నయ్య దానిని ఓడలో తన గదిలోనే, డ్యూటీ లేని వేళలలో బిగించాడు. బరంపురం తెచ్చిన రోజున వీధి వీధంతా మా గుమ్మం ముందే ఉంది.

మరుసటి సంవత్సరం సంక్రాంతికి అందరం రంభకు విహారానికి వచ్చాము. ఒడ్డున బండి నడుపుతుండగా రేడియో మాట వినడం మానేసింది. అన్నయ్య పుల్ల వదిలేసినా బండి ఆగలేదు. తిన్నగా చిలికాలోకి వెళ్ళిపోయింది. వదిన కేకలు, అన్నయ్య పాంటు మడుచుకుని నీళ్ళలోకి పరుగు. చిత్రమేమిటంటే అది మునగలేదు. టైర్లు లోపల బోలు, గాలి తప్ప ఏమీ లేదు. నాలుగు డొల్లల మీద బాతులాగా తేలుతూ, చక్రాలు తిప్పుకుంటూ వెళ్ళిపోతుంటే ఒక జాలరి తెడ్డుతో అడ్డుకుని పడవలో వేసుకొచ్చాడు. ఆయన నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రంతా అన్నయ్య బండిని విప్పి మంచినీటితో కడిగి ఆరబెట్టాడు. చిలికా నీరు ఉప్పు కలిసిన నీరు, ఇనుమును తినేస్తుంది.

తర్వాత ఉద్యోగాలు, పిల్లల చదువులు. బండి అటకెక్కింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు బరంపురం ఇంటి పెంకులు లేచిపోయాయి. కానీ ఆ పెట్టె తడవలేదు. రంభకు మారినప్పుడు సామానులో మొదట ఎక్కింది కూడా అదే.

మూడేళ్ళ క్రితం అన్నయ్యకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది, కర్ర సాయంతో నడక వచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. గ్లాసు పట్టుకుంటే జారిపోతుంది. ఓడ ఇంజన్లు విప్పి బిగించిన చెయ్యి అది. రోజంతా కిటికీ దగ్గర కూర్చుని నీళ్ళ వంక చూడడమే పని అయిందని వదిన ఫోనులో చెప్పి బాధపడేది. అలాంటి మనిషి ఒక రోజు కొడుకుకు ఫోను చేసి, "ఆ బండి మళ్ళీ నడపాలిరా. ఏం మార్చాలో చూడు" అన్నాడట.

ఇక్కడే చిక్కు వచ్చింది. మామూలుగా ఇలాంటి విషయాలలో పెద్దవాళ్ళు పాతది ఉంచమంటారు, చిన్నవాళ్ళు కొత్తది పెట్టమంటారు. మా ఇంట్లో తారుమారు అయింది. కొడుకుకు ఈ పాత బండ్లంటే ప్రాణం. "నాన్నా, దీనికి ఒరిజినల్ రేడియో ఉంది, పెట్టె ఉంది, కాగితాలున్నాయి. ఇలాంటిది ముట్టుకోకూడదు. శుభ్రం చేసి అద్దాల బీరువాలో పెడదాం" అని వాడి వాదన. నిజం చెప్పాలంటే నేనూ వాడి పక్షమే. అందులో నాకు కనిపించేది 1989 నాటి అన్నయ్య. ఒక్కొక్క ముక్కా మార్చుకుంటూ పోతే చివరకు మిగిలేది ఏమిటి?

అన్నయ్య వెంటనే ఏమీ అనలేదు. "రేపు పడవ మాట్లాడండి" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పంథనివాస్ దగ్గర నుంచి ఇంజను పడవలో బయలుదేరాము. రంభ వైపు చిలికా తక్కిన భాగాల కంటే తేటగా, లోతుగా ఉంటుంది. చుట్టూ రాతి దిబ్బలు. బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్, హనీమూన్ ఐలాండ్, కొంగల రెట్టలతో తెల్లబడిన బర్డ్స్ ఐలాండ్. ఒడ్డున రంభ రాజభవనం కనిపిస్తుంది. దానిని పద్ధెనిమిదో శతాబ్దం చివరలో ఈస్టిండియా కంపెనీ తరఫున గంజాం కలెక్టరుగా ఉన్న థామస్ స్నాడ్‌గ్రాస్ కట్టించాడు. తర్వాత ఖల్లికోట రాజులకు చెందింది. ఉత్కళ సమ్మిళని 1903లో కటకంలో మొదటి సభ జరుపుకోవడానికి ముందు ఆ ఆలోచన ఈ భవనంలోనే మొలకెత్తిందని చెబుతారు. జనవరి కాబట్టి ఉత్తరాది నుంచి వచ్చిన బాతులు గుంపులు గుంపులుగా నీటి మీద ఉన్నాయి.

పడవ నడిపే ఆయనది అరవై ఏళ్ళ వయసు. పడవ చెక్క తండ్రి నాటిదట, ఇంజను తాను పెట్టించినదట. అన్నయ్య ఆయనను మాటల్లోకి దింపాడు. అసలు ఉద్దేశం మాకు అప్పుడు అర్థం కాలేదు.

చిలికా వేసవిలో సుమారు 900, వర్షాకాలంలో సుమారు 1,150 చదరపు కిలోమీటర్లు విస్తరించే సరస్సు. అందులో నదుల మంచినీరు, సముద్రపు ఉప్పునీరు కలవాలి. కలిస్తేనే చేప, రొయ్య, పీత. సముద్రంతో కలిపే మార్గం ఏటేటా ఇసుక పూడి, పొడుగై, ఇరుకై పోయింది. ఉప్పదనం తగ్గి కలుపు మొక్కలు కమ్మేశాయి. 1981లో రామ్‌సర్ ఒప్పందం కింద మన దేశం నుంచి మొదట గుర్తింపు పొందిన రెండు చిత్తడి నేలలలో ఇది ఒకటి. అలాంటిది 1993లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాకు ఎక్కింది. "వల వేస్తే నాచు వచ్చేది బాబూ. మా ఊరి కుర్రాళ్ళు సూరత్ వెళ్ళిపోయారు" అన్నాడు పడవాయన. చివరకు 2000 సెప్టెంబరులో సాతపడా దగ్గర ఇసుక దిబ్బను తవ్వి సముద్రానికి కొత్త నోరు తెరిచారు. నీరు పోయే దారి సుమారు 18 కిలోమీటర్లు తగ్గింది. ఏడాదికి రెండు వేల టన్నుల లోపుకు పడిపోయిన పట్టుబడి రెండేళ్ళలోనే పది వేల టన్నులు దాటింది. 2002లో చిలికా ఆ ప్రమాద జాబితా నుంచి బయటపడింది.

అన్నయ్య అప్పుడు కొడుకు వంక తిరిగి, "విన్నావా? ఈ సరస్సుకే కొత్త నోరు పెట్టారు. అప్పటి నుంచి దీనిని చిలికా కాదు అన్నవాడు ఎవడైనా ఉన్నాడా? బీరువాలో పెట్టడానికి నేను ఉన్నాను కదా, కిటికీ దగ్గర. బండినైనా బయటకు రానివ్వండి" అన్నాడు.

పడవలో చాలాసేపు ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

తిరిగి వచ్చాక వాడు ఒకే ఒక షరతు పెట్టాడు. అసలు ప్లాస్టిక్‌కు కొత్తగా ఒక్క కన్నం కూడా పెట్టకూడదు, విప్పిన ప్రతి ముక్కా పేరు రాసి దాచాలి. ఎవరైనా ఎప్పుడైనా కావాలంటే పాత రూపానికి తిరిగి రావాలి. అన్నయ్య సరేనన్నాడు. వరండాలో పాత దుప్పటి పరిచి పని మొదలుపెట్టాము.

పాతకాలం రేడియోలో వేగాన్ని మార్చేది ఒక చిన్న చెయ్యి. అది రాగి పలకల మీద జరుగుతూ కొన్ని మెట్లలోనే వేగం ఇస్తుంది. తక్కువ వేగంలో మిగిలిన కరెంటంతా వేడిగా పోతుంది. దాని స్థానంలో ఎలక్ట్రానిక్ కంట్రోలర్ పెట్టాడు. అది కరెంటును సెకనుకు వెయ్యి సార్లకు పైగా వేస్తూ ఆపుతూ ఉంటుంది, కాబట్టి చీమ నడక నుంచి పరుగు దాకా ఏ వేగమైనా వస్తుంది. మోటార్లు రెండు కాబట్టి రెంటి భారం మోయగలది ఎంచుకోవాలి. ఇరుసుల దగ్గర ఉన్న ప్లాస్టిక్ బుష్‌లు తీసి బాల్ బేరింగులు వేశాడు. చక్రాన్ని వేలితో తిప్పితే ఇదివరకు ఒక చుట్టు తిరిగి ఆగేది, ఇప్పుడు తిరుగుతూనే ఉంది.

మలుపు తిప్పే చిన్న మోటారు పెట్టెను సెర్వో అంటారు. ఈ బండిలో అది మధ్యలో చట్రం మీద ఉండి, పొడుగు కడ్డీలతో రెండు ఇరుసులనూ తిప్పుతుంది. గతుకులో ఇరుసు పైకి లేస్తే కడ్డీ కూడా లాగి చక్రం తనంతట తానే పక్కకు తిరుగుతుంది. అందుకని ఈ బండి నడిపే అభిమానులు ఎప్పటి నుంచో సెర్వోలను నేరుగా ఇరుసుల మీదే బిగించుకుంటున్నారు. దానికి పలక కావాలి. కన్నం పెట్టకూడదని షరతు!

పడవ ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ ఒకాయన రేవు దగ్గర ఉన్నాడు. ఒడియా ఆయన, తెలుగు బాగా వచ్చు. బండిని అటూ ఇటూ తిప్పి చూసి, "బాబుగారూ, కన్నం ఎందుకండీ? ఉన్న బోల్టులకే పట్టీ వేద్దాం" అన్నాడు. అల్యూమినియం రేకు ముక్క తీసి, అన్నయ్య ఎడమచేత్తో కాగితం మీద వంకరగా గీసిన బొమ్మ ప్రకారం రెండు పట్టీలు కత్తిరించి, వంచి, ఆకురాయితో అంచులు నున్నగా రుద్ది ఇచ్చాడు. మొదటిది రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చింది. అన్నయ్య వెనక్కి పంపాడు. రెండోసారి అతికినట్టు కూర్చుంది. డబ్బు ఇవ్వబోతే, "నడిపే రోజు నన్నూ పిలవండి, చాలు" అన్నాడు. ఆ సాయంత్రం అన్నయ్య ముఖంలో పాత ఇంజనీరు కనిపించాడు. వదిన నా దగ్గరకు వచ్చి మెల్లగా, "మరిదిగారూ, ఇవాళ మధ్యాహ్నం మీ అన్నయ్య కిటికీ దగ్గర కూర్చోలేదు, చూశారా?" అంది.

బ్యాటరీ సంగతి పిల్లలున్న ఇళ్ళవారు గుర్తుంచుకోవాలి. అప్పటిది ఆరు సెల్లుల నికెల్-కాడ్మియం, 7.2 వోల్టులు. ఇప్పటి లిథియం పాలిమర్‌లో రెండు సెల్లులకే 7.4 వోల్టులు వస్తాయి, బరువు తక్కువ, శక్తి ఎక్కువ. కానీ దానికి తగిన ఛార్జరుతోనే ఛార్జి చేయాలి, ఛార్జి అవుతున్నంతసేపూ మనిషి దగ్గర ఉండాలి. సెల్లు మూడు వోల్టుల కిందకు పడిపోతే పాడవుతుంది, కాబట్టి ముందే ఆపేసే ఏర్పాటు కంట్రోలర్‌లో ఉండాలి. ఉబ్బిన బ్యాటరీని వాడకూడదు. విమానంలో విడి బ్యాటరీలను పెద్ద సామానులో వేయనివ్వరు, చేతిసంచిలోనే తేవాలి. మావాడు అలాగే భువనేశ్వర్ దాకా తెచ్చాడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది రేడియో. పాతదానికి రెండు పుల్లలు. ఎడమది వేగానికి, కుడిది మలుపుకు. అన్నయ్యకు కుడి చెయ్యి లేదు. ఈ కాలం కారు రిమోట్లలో తుపాకీలాంటి పిడి ఒక చేత్తో పట్టుకుని, చక్రం ఇంకో చేత్తో తిప్పాలి. అదీ కుదరదు. అప్పుడు మావాడు విమానాల బొమ్మలకు వాడే రేడియో ఒకటి తీసుకున్నాడు. అందులో ఏ పని ఏ పుల్లకు అన్నది మనం చెప్పుకోవచ్చు. వేగం, మలుపు రెండూ ఎడమ పుల్లకే ఇచ్చాడు. పైకి తోస్తే ముందుకు, కిందకు లాగితే వెనక్కి, పక్కలకు తిప్పితే మలుపు. వదిలేస్తే రెండు దిక్కుల నుంచీ మధ్యకు వచ్చేటట్టు లోపలి స్ప్రింగును మార్చాడు. చెయ్యి కాస్త వణికినా బండి తుళ్ళిపడకుండా, మొదటి కదలికకు కొంచెమే స్పందించేటట్టు అమర్చాడు. ముందు చక్రాలు ఒక వైపు తిరిగితే వెనుకవి ఎదురు వైపు తిరగాలని కూడా దానికే నేర్పాడు. ఇది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో. సంబంధం తెగిపోతే మోటార్లు వాటంతటవే ఆగే ఏర్పాటు ఉంది. ముప్ఫయ్యేళ్ళ క్రితం ఆ ఒక్కటి ఉంటే అన్నయ్య పాంటు తడిసేది కాదు.

వాడు ఆ అమరికలు చెబుతున్నప్పుడు నాకు ఒక సంగతి తెలిసింది. వాడు బండిని మార్చలేదు. బండికీ తండ్రి చేతికీ మధ్య ఉన్న దారిని మార్చాడు. మోటార్లు అవే, గేర్లు అవే, పైనున్న ఎర్ర బాడీ అదే. టైర్ల పక్కన సన్నని పగుళ్ళు ఉన్నాయి, వాటిని అలాగే ఉంచాడు.

కనుమ నాడు సాయంత్రం ఒడ్డుకు దగ్గరలో ఎండిన మైదానానికి వెళ్ళాము. వదిన నవారుతో పట్టీ కుట్టింది, రేడియో అన్నయ్య మెడలో వేలాడింది. మేస్త్రీ తన మనవడితో వచ్చాడు. పడవాయన కూడా వచ్చాడు. మొదట బండి కుడికి వెళ్ళమంటే ఎడమకు వెళ్ళింది. అందరం నవ్వాము. మావాడు ఒక మీట నొక్కి సరిచేశాడు. రెండోసారి బండి తిన్నగా వెళ్ళి కొబ్బరి డొక్కను ఎక్కి బోల్తా పడింది. "ఏమండీ, మెల్లగా!" అంది వదిన. మూడోసారి అన్నయ్య పెదవి బిగించి, ఎడమచేతి బొటనవేలితో పుల్లను వెంట్రుకవాసి కదిపాడు. బండి చీమలాగా కదిలింది. డొక్కల మధ్య నుంచి అటు తిరిగి, ఇటు తిరిగి, పెద్ద చుట్టు చుట్టి ఆయన కర్ర దగ్గరకు వచ్చి ఆగింది.

ఎవరూ మాట్లాడలేదు. అన్నయ్యే, "వెనుక ఇరుసులో ఏదో చప్పుడు వస్తోంది. రేపు విప్పి చూడాలి" అన్నాడు. ఆ "రేపు" అన్న మాట కోసమే మేమంతా ఇంత దూరం వచ్చామని అప్పుడు అనిపించింది. తర్వాత ఆయన రేడియో పట్టీ మెడలో నుంచి తీయించి మేస్త్రీ మనవడికి ఇచ్చాడు. వాడు నేరుగా నీళ్ళ వైపు తోలాడు. నలుగురం ఒక్కసారే "ఆపు!" అన్నాము. వాడు పుల్ల వదిలేశాడు. బండి ఆగింది.

ఆ రాత్రి వదిన చిలికా పీతల పులుసు చేసింది. విప్పిన పాత ముక్కలన్నీ చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, పేర్లు రాసి, అదే అట్టపెట్టెలో పెట్టి మావాడు అటకెక్కించాడు. బండి మాత్రం అటకెక్కలేదు. అది ఇప్పుడు కిటికీ కింద ఉంటుంది.

మీరు ఎప్పుడైనా ఆ దారిన వెళితే ఒక రోజు తీరిక చేసుకుని రంభలో దిగండి. ఎక్స్‌ప్రెస్ ఆగకపోతే బాలుగావ్‌లోనో బరంపురంలోనో దిగి రోడ్డు మీద రావచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పక్షులుంటాయి. పొద్దున్నే పడవ మాట్లాడుకోండి, గాలి లేచేలోగా తిరిగి వచ్చేయవచ్చు. సాయంత్రం ఒడ్డున నడిచేటప్పుడు కాళ్ళ దగ్గర చూసుకోండి. పెద్ద చక్రాల ఎర్ర బండి ఏదైనా ఎదురు వస్తే కంగారు పడకండి, దారి ఇవ్వండి. నడిపేవారు పెద్దవారు.